బదిలీ సామానులో పట్టే టెలిస్కోపు

టెలిస్కోపు కొనాలనుకునే వాళ్ళకు పుస్తకాలు మొదట చెప్పే మాట ఒకటే: అపర్చర్ ఎంత పెద్దదైతే అంత మంచిది. అపర్చర్ అంటే ముందున్న కటకం వ్యాసం, అద్దాల టెలిస్కోపు అయితే లోపలున్న పుటాకార దర్పణం వ్యాసం. ఈ సలహా తప్పు కాదు. కాకపోతే అది ఒకే ఇంట్లో ఇరవై ఏళ్ళు ఉండేవాళ్ళకు సరిపోయే సలహా. మూడు నాలుగేళ్ళకోసారి ఇల్లు, ఊరు, బడి, పక్కింటి భాష అన్నీ మారిపోయే మనలాంటి వాళ్ళు దాన్ని తిరగేసి చదువుకోవాలని నా అభిప్రాయం. ముందు మనం ఎంత బరువు మోయగలమో తేల్చుకోవాలి. ఆ బరువులో దొరికే అన్నిటికన్నా పెద్ద అపర్చర్ తీసుకోవాలి. ఉన్న డబ్బులో మూడో వంతు ఐపీసులకూ చిల్లర సామానుకూ ముందే పక్కన పెట్టాలి.

అపర్చర్ గొప్పతనాన్ని ముందు ఒప్పుకుందాం. చీకట్లో మన కంటిపాప దాదాపు 7 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. టెలిస్కోపు పోగుచేసే కాంతి వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి 70 మి.మీ. టెలిస్కోపు కంటికన్నా 100 రెట్లు, 130 మి.మీ.ది సుమారు 345 రెట్లు, 200 మి.మీ.ది 800 రెట్ల పైచిలుకు కాంతిని తెస్తుంది. మా పెదనాన్నగారిది అనంతపురం జిల్లాలో పల్లెటూరు. అక్కడ అన్నయ్య దగ్గర 200 మి.మీ. డాబ్సోనియన్ ఉంది. మే నెల రాత్రి దాంట్లో ఒమేగా సెంటారీ చూశాను. దక్షిణాన మసక చుక్కలా కనిపించే ఆ నక్షత్రాల గుంపు, ఐపీస్‌లో పళ్ళెం నిండా పోసిన ఉప్పులా విడివిడిగా మెరిసింది. "కొంటే ఎనిమిదంగుళాలదే కొనరా, లేకపోతే డబ్బు దాచుకో" అన్నాడు అన్నయ్య. "ఇది రైల్లో బెర్తు కింద పడుతుందా అన్నయ్యా?" అని అడిగాను. నవ్వాడు గానీ జవాబు చెప్పలేదు.

పట్టదు. దాని గొట్టమే మీటరు దాటుతుంది, కింది పెట్టెతో కలిపి బరువు పాతిక కిలోల దాకా ఉంటుంది. మనలో చాలామందిమి లిఫ్టు లేని క్వార్టర్లలో రెండో అంతస్తులోనో మూడో అంతస్తులోనో ఉంటాం. రాత్రి భోజనమయ్యాక పాతిక కిలోలు డాబా మీదికి మోసి, పదిన్నరకు మళ్ళీ దించాలి, మర్నాడు యూనిట్ టెస్టు. మొదటి వారం మోస్తాం. తర్వాత అది మంచం పక్కన నిలబడి, దాని మీద తువ్వాళ్ళు ఆరేస్తారు. ఇలాంటి టెలిస్కోపు ఒకటి మీకు తెలిసిన ఇంట్లోనూ ఉండే ఉంటుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. 70 నుంచి 130కి పోతే కాంతి దాదాపు మూడున్నర రెట్లు పెరుగుతుంది. 130 నుంచి 200కి పోతే రెండున్నర రెట్లు కూడా పెరగదు. బరువు మాత్రం ఆరేడు కిలోల నుంచి పాతిక కిలోలకు పోతుంది. అందుకే బల్ల మీద పెట్టుకునే 130 మి.మీ. చిన్న డాబ్సోనియన్‌కే నా ఓటు. దాని ఫోకల్ లెంగ్త్, అంటే తెలుగు పుస్తకాల్లో నాభ్యంతరం, సాధారణంగా 650 మి.మీ. కొన్నిటికి గొట్టం లోపలికి ముడుచుకుంటుంది, అప్పుడు బట్టల పెట్టెలో కూడా పడుతుంది. ఒక చేత్తో టెలిస్కోపు, ఇంకో చేత్తో స్టూలు పట్టుకుని మెట్లెక్కవచ్చు. ఊళ్ళో దీపాల వెలుతురు ఎక్కువైతే స్కూటరు మీద ఊరి బయటికి తీసుకుపోవచ్చు. మసక నెబ్యులాల విషయంలో, నగరం నడిబొడ్డున ఉన్న పెద్ద అద్దం కన్నా చీకటి పొలం గట్టు మీద ఉన్న చిన్న అద్దమే ఎక్కువ చూపిస్తుంది.

డాబ్సోనియన్ అన్న పేరు జాన్ డాబ్సన్‌ది. ఆయన అమెరికాలో వేదాంత సొసైటీ మఠంలో ఇరవై ఏళ్ళకు పైగా సన్యాసిగా ఉన్నారు. చేతిలో డబ్బు లేదు. ప్లైవుడ్డుతో, పారేసిన గాజుతో టెలిస్కోపులు చేసి, వాటిని వీధిలోకి తోసుకెళ్ళి దారిన పోయేవాళ్ళకు చంద్రుణ్ణి చూపించారు. ఆ పెట్టెలో స్క్రూల గొడవ లేదు, అటూ ఇటూ, కిందికీ పైకీ తిప్పడమే. బదిలీ పిల్లలకు ఇది మరో విధంగా కలిసొస్తుంది. ఈక్వటోరియల్ స్టాండు అనే ఇంకో రకం ఉంది. దాని ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు వంచాలి, ఆ వంపు ఊరి అక్షాంశాన్ని బట్టి ఉంటుంది. జోధ్‌పూర్‌లో 26 డిగ్రీలు, కొచ్చికి బదిలీ అయితే 10 డిగ్రీలు. పైగా ఇనప బరువులు వేరే. డాబ్సోనియన్‌కు అక్షాంశంతో పని లేదు, ఎక్కడ దించితే అక్కడ పనిచేస్తుంది.

అద్దాల టెలిస్కోపు మీద ఒక అభ్యంతరం ఉంది, అది నిజమైనదే. లారీ కుదుపులకు అద్దాలు వరస తప్పుతాయి. కొత్త ఊళ్ళో దించగానే వాటిని సరిచేసుకోవాలి. కటకాల టెలిస్కోపుకు ఈ బెడద దాదాపు ఉండదు. కానీ మూతకు సరిగ్గా మధ్యలో చిన్న రంధ్రం చేసి, అందులోంచి చూస్తూ మరలు తిప్పితే పది నిమిషాల పని. సైకిలు చెయిన్ ఎక్కించడం వచ్చినవాళ్ళకు ఇది వస్తుంది. అది కూడా వద్దనుకునేవాళ్ళు 80 లేదా 90 మి.మీ. కటకాల టెలిస్కోపు తీసుకుంటే నేను పోట్లాడను. అంత డబ్బు లేకపోతే 10×50 బైనాక్యులర్ చాలు. చేతులు కదలకుండా గోడకు ఆనించుకుంటే గురుగ్రహం ఉపగ్రహాలు దాంట్లోనే కనిపిస్తాయి.

నేను పోట్లాడేది ఒక్క రకంతోనే: పెట్టె మీద '525 రెట్లు' అని పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. ఆ సంఖ్య ఎలా వచ్చిందో లెక్కకట్టండి. ఆవర్ధనం అంటే టెలిస్కోపు నాభ్యంతరాన్ని ఐపీస్ నాభ్యంతరంతో భాగిస్తే వచ్చేది. 700ను 4తో భాగిస్తే 175, దానికి మూడు రెట్ల బార్లో కటకం తగిలిస్తే 525. లెక్క సరైనదే, బొమ్మే రాదు. అపర్చర్‌ను మిల్లీమీటర్లలో తీసుకుని రెట్టింపు చేస్తే పనికొచ్చే గరిష్ఠ ఆవర్ధనం వస్తుంది. ఆ పెట్టెలో ఉండేది 76 మి.మీ. అద్దం, అంటే 150 చుట్టుపక్కల ఆగిపోవాలి. అక్కడి నుంచి పైకి పోయేకొద్దీ శనిగ్రహం మజ్జిగలో పడ్డ బఠాణీలా కనిపిస్తుంది. స్టాండు కూడా సన్నటి కాళ్ళతో ఊగుతుంది.

అందుకే మూడో వంతు డబ్బు పక్కన పెట్టమన్నాను. 25 మి.మీ. ఐపీస్ ఒకటి, 10 మి.మీ. ఒకటి, రెండు రెట్ల మంచి బార్లో ఒకటి. 650 మి.మీ. టెలిస్కోపులో ఇవి 26, 65 రెట్లు, బార్లోతో 52, 130 రెట్లు ఇస్తాయి. నాలుగు మెట్లు, ఇంతకన్నా అక్కర్లేదు. 26 రెట్లలో కృత్తికలు, మా అమ్మమ్మ పిల్లలకోడి అనేది, దాదాపు మొత్తంగా ఒకేసారి కనిపిస్తాయి. కొనేముందు ఐపీస్ గొట్టం 1.25 అంగుళాలదేనా అని అడగండి. పాతకాలపు 0.965 అంగుళాలదైతే తర్వాత ఏదీ జత కుదరదు. ఎర్ర సెల్లోఫేన్ చుట్టిన టార్చి ఇంట్లోనే చేసుకోవచ్చు. విశాఖ, కొచ్చి లాంటి తీరప్రాంతపు ఊళ్ళలో కటకాలకు బూజు పడుతుంది, సిలికా జెల్ పొట్లాలు డబ్బాలో వేసి ఉంచాలి. పెట్టెలో ఐపీస్‌కు బిగించే చిన్న నల్ల సూర్య ఫిల్టర్ వస్తే మాత్రం వెంటనే పారేయండి. వేడికి అది పగిలితే కన్ను పోతుంది. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందుభాగం మొత్తాన్ని కప్పే అసలైన ఫిల్టర్ ఉండాలి, పక్కన పెద్దవాళ్ళు ఉండాలి.

ఇంత చిన్నదానితో సరిపెట్టుకోవడం నష్టమే కదా అంటారా? నష్టమే. ఒమేగా సెంటారీ ఉప్పు పళ్ళెంలా కనిపించదు, నడుమ మసకగానూ అంచుల్లో ఇసకగానూ కనిపిస్తుంది. కానీ సొంత ఇంట్లో ఉండేవాళ్ళకు దొరకనిది మనకు దొరుకుతుంది. అగస్త్య నక్షత్రం లేహ్‌లో దిగ్మండలం మీద మూడు డిగ్రీలే లేస్తుంది, కొండలు అడ్డొస్తే కనిపించనే కనిపించదు. తిరువనంతపురంలో దాదాపు 29 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. నాన్న బదిలీ ఉత్తర్వుతోపాటు మనకు కొత్త ఆకాశం ముక్క కూడా వస్తుంది. దాన్ని చూడటానికి టెలిస్కోపు మనతో రావాలి గదా.

మరి పెద్ద అద్దం ఎవరి దగ్గర ఉండాలి? బదిలీ కానివాళ్ళ దగ్గర. మన విషయంలో బదిలీ కానిది బడి ఒక్కటే. కావలూరులో ఉన్న 2.34 మీటర్ల టెలిస్కోపుకు పేరిచ్చిన వేణు బప్పు సంగతి గుర్తు చేసుకోండి. ఆయన తండ్రి హైదరాబాదు నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. నాన్న ఉద్యోగం వల్ల ఆ అబ్బాయికి చిన్నప్పుడే పెద్ద టెలిస్కోపు అందుబాటులోకి వచ్చింది. మన నాన్నల, అమ్మల ఆఫీసుల్లో అది ఉండదు. బడి డాబా మీద ఉండవచ్చు. 200 మి.మీ. డాబ్సోనియన్ ఒకటి, దానితో ఒక లాగ్‌బుక్కు. తేదీ, ఊరు, చూసిన వస్తువు, చూసినవాళ్ళ పేరు, తరగతి. మన బడులన్నిట్లో సిలబస్ ఒకటే అయినట్టు ఈ పుస్తకం నమూనా కూడా ఒకటే అయితే, జోర్‌హాట్ నుంచి వచ్చిన పిల్ల మొదటి రోజే అందులో తన వరస రాసుకోగలదు. కొత్త బడిలో మొదటి వారం ఎవరితో మాట్లాడాలో తెలియక నిలబడటం మనందరికీ తెలిసిందే.

గది లేదనే మాట వస్తుందని ముందే చూసి పెట్టాను. మన ఫిజిక్స్ ల్యాబ్‌లో కిటికీ పక్క అల్మారాకూ గోడకూ మధ్య అరవై సెంటీమీటర్ల ఖాళీ ఉంది, టేపుతో కొలిచాను. డాబా మెట్లు అక్కడికి పదడుగుల దూరం.