వాగులో చేప పోతే ఆల్చిప్పకు సంతానం లేదు

మెట్ట మండలాల్లో వాగుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా నీటి లెక్క, ఇసుక లెక్క తప్ప మరో లెక్క వినిపించదు. ఎర్రకాలువకు ఎంత వరద వచ్చింది, తమ్మిలేరులో ఎన్ని లారీల ఇసుక లేచింది అన్నదే చర్చ. ఆ నీటిలోనూ ఆ ఇసుకలోనూ బతికే ప్రాణుల సంగతి ఎవరికీ పట్టదు. పరిగెలు, జెల్లలు, ఇసుకదొందులు, వాటి కింద బురదలో సగం కూరుకొని ఉండే ఆల్చిప్పలు ఏ కార్యాలయం రిజిస్టరులోనూ లేవు. ఇది శోచనీయం. చేపను, ఆల్చిప్పను కలిపి లెక్కపెట్టనిదే వాగు బాగున్నదో లేదో చెప్పడం సాధ్యం కాదు.

ఆల్చిప్పను ఎరుగనివారు పల్లెల్లో లేరు. నడుమ చిల్లుపడేలా బండకు అరగదీసి మామిడికాయ చెక్కు తీసింది దానితోనే. పాలదాక అడుగున గోకుడు గీకింది దానితోనే. గుల్లలను కాల్చి సున్నం చేసుకున్నారు. స్టీలు సామాను వచ్చాక వంటింట్లో దాని పని అయిపోయింది కాని, వాగులో అయిపోలేదు. నోరు కొద్దిగా తెరచి నీరు పీల్చి, అందులోని నాచు నలుసులను తిండిగా పట్టుకొని, తేరిన నీటిని బయటికి వదలడం దాని బతుకు. ఒక్కొక్క చిప్ప రోజుకు ఎన్నో లీటర్లు ఇలా వడగడుతుంది. పంచాయతీ ఫిల్టరు బెడ్డుకు కరెంటు, కాపలాదారు కావాలి. దీనికి ఏమీ అక్కర్లేదు.

కావలసింది చేప ఒక్కటే. ఆల్చిప్ప పిల్లలు తల్లి మొప్పల్లో ఎదిగి, ఆవగింజ కంటె ఎంతో చిన్నవిగా ఉన్నప్పుడు బయటికి వస్తాయి. అవి వెంటనే నేలమీద బతకలేవు. దారిన పోయే చేప మొప్పనో రెక్కనో పట్టుకొని, కొన్ని రోజులో వారాలో దానిపై ఉండి, రూపు మారిన తరువాత రాలి ఇసుకలో పడతాయి. మామూలుగా చేపకు దీనివల్ల పెద్ద హాని ఉండదు. కాళ్లులేని చిప్ప ఎదురు ప్రవాహంలో పైకి పాకడం కూడా ఈ చేప వాహనం మీదనే. 1797లో ఒక పండితుడు ఈ పిల్లలను చూసి చిప్పను పట్టిన పురుగులని భ్రమించి వేరే పేరు పెట్టాడు. తల్లిని పీడించే పురుగులు కావు, దాని సొంత బిడ్డలే అని తేలడానికి చాలా ఏళ్లు పట్టింది.

అన్ని చేపలూ అన్ని చిప్పలకూ పనికిరావు. కొన్ని జాతులు ఏ చేపకైనా అంటుకుంటాయి. కొన్నిటికి ఒకే ఒక్క జాతి చేప కావాలి. ఆ చేప రాకపోతే పిల్ల చచ్చినట్టే.

అమెరికాలో మిసిసిపీ నదిపై కియోకక్ అనే చోట 1913లో ఆనకట్ట కట్టారు. దిగువనుండి గుంపులుగా ఎదురెక్కే స్కిప్‌జాక్ హెర్రింగ్ అనే చేపకు దారి మూసుకుపోయింది. అది మన పులసకు దూరపు చుట్టం. ఎగువన నది అడుగున పరుచుకొని ఉన్న ఎబొనీషెల్ అనే చిప్పకు ఆ చేపే ఆధారం. ఆనకట్ట కట్టిన మరునాడు ఒక్క చిప్ప కూడా చావలేదు. అవి దశాబ్దాలపాటు బతికే ప్రాణులు కనుక, చూసినవారికి నది నిండా చిప్పలే కనిపించాయి. పిల్ల మాత్రం పుట్టలేదు. ముసలివి ఒక్కొక్కటే రాలిపోయి చివరకు అక్కడక్కడ కొన్ని మిగిలాయి. కుర్రవాళ్లంతా వలసపోయి వృద్ధులు మాత్రమే మిగిలిన ఊరిని పైనుండి చూస్తే ఇళ్లన్నీ నిలిచే ఉంటాయి. ఆ నది స్థితి అటువంటిది.

అదే నదీతీరాన మస్కటీన్ పట్టణంలో 1891 నుండి చిప్పలతో చొక్కా గుండీలు చేసే పరిశ్రమ నడిచింది. తవ్వి తవ్వి సరుకు తగ్గాక ప్రభుత్వం పరిశోధన కేంద్రం పెట్టి, చేపలకు చిప్ప పిల్లలను అంటించి నదిలో వదిలే పనికి పూనుకొన్నది. అంతా అయ్యాక లెక్క మొదలైంది. 2023లో ఆ దేశ ప్రభుత్వం పూర్తిగా అంతరించాయని ప్రకటించిన 21 జాతులలో 8 ఆల్చిప్పలే.

గోదావరి వాసులకు ఇది వింత కాకూడదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక సముద్రంనుండి ఎదురీదే పులసకు అక్కడ అడ్డు పడింది. ఆనకట్టవల్ల డెల్టా పండింది, అందులో సందేహం లేదు. అయితే చేప దారికి అడ్డం కట్టిన ప్రతిచోటా ఎగువన ఏమి తగ్గిందో చూడవలసిన బాధ్యత కట్టినవారిదే. తమ్మిలేరుపై, ఎర్రకాలువపై కూడా జలాశయాలు ఉన్నాయి. వాటిలో బొచ్చె, శీలావతి పిల్లలను వదులుతారు. మత్స్యకారులకు అది మేలే. కాని పరిగె పిల్లను, ఇసుకదొందు పిల్లను వదిలేవారెవరు?

మెట్ట వాగులకు వేసవి గడ్డుకాలం. ధార తెగి మడుగులు మాత్రం మిగులుతాయి. చేపా చిప్పా అక్కడే తలదాచుకుంటాయి. సరిగ్గా అప్పుడే కొందరు పురుగుమందు కలుపుతారు, తోటాలు పేలుస్తారు. ఒక పూట కూర కోసం మడుగంతా చంపడమేమిటి? 1897 నాటి భారత మత్స్య చట్టమే ఈ రెండింటినీ నేరమన్నది. అప్పుడు రాసిన శిక్ష రెండు నెలల జైలు లేదా 200 రూపాయల జరిమానా. ఆ రోజుల్లో 200 రూపాయలంటే పెద్ద మొత్తం. నేటి ధరలతో చూస్తే అది చేపల కూర ఖర్చు.

ఇసుక సంగతి ఇంకా బరువైనది. చేప మీదనుండి రాలిన చిప్ప పిల్ల మొదటి కొన్నేళ్లు ఇసుక లోపలే దాగి పెరుగుతుంది. యంత్రంతో తోడిన ఇసుకలో అది కంటికి ఆనదు. లారీకెక్కి ఇంటి స్లాబులో కలిసిపోతుంది. 2002 నాటి వాల్టా చట్టం ఇసుక తవ్వకానికి హద్దులు పెట్టింది భూగర్భజలం కోసం. మంచిదే. ఆ హద్దులు గీసేటప్పుడు మడుగులను కూడా వదలాలని ఎవరూ అడగకపోవడమే లోపం.

లెక్క తీయడం అసాధ్యమైన పని కాదు. ఒక మడుగులో 100 చిప్పలు పట్టి గుర్తులు వేసి తిరిగి వదలాలి. కొన్నాళ్లకు మళ్లీ 50 పట్టాలి. అందులో గుర్తున్నవి 5 వస్తే మడుగులో సుమారు 1,000 ఉన్నట్టు. చేపలకూ ఇదే సూత్రం. దానితోపాటు చిప్పల పొడవు కొలవాలి. అన్నీ అరచేతిలో పట్టనంతవే వచ్చి, గోరంత పిల్ల ఒక్కటీ రాకపోతే సంఖ్య ఎంత పెద్దదైనా సంతోషించనక్కర్లేదు. ఏ పిల్ల ఏ చేపకు అంటుకుంటుందో చేపల మొప్పలు భూతద్దంతో చూస్తే తెలుస్తుంది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో దశాబ్దాల కిందటే ఆల్చిప్పపై పురుగుమందుల ప్రభావాన్ని పరీక్షించారు. భువనేశ్వర్ వద్ద కౌసల్యాగంగలోని కేంద్ర సంస్థ ఇదే చిప్పలో ముత్యాలు పెంచే పద్ధతి నేర్పుతున్నది. తొట్లలో ఇంత పని జరిగినప్పుడు వాగు గట్టున ఒక నోటుబుక్కు తెరవలేకపోవడానికి కారణం కనిపించదు.

డిగ్రీ కాలేజీల్లో జంతుశాస్త్రం చదివే విద్యార్థులు ఉన్నారు. ఏ మడుగులో ఏమి దొరుకుతుందో వేలిముద్రలా చెప్పగల జాలరులు ఊరూరా ఉన్నారు. మత్స్యశాఖ ఈ ఇద్దరినీ కలిపి, జాలరులకు రోజుకూలి ఇచ్చి, ఏటా మాఘమాసంలో ఒకసారి, వర్షాలు తగ్గాక మరోసారి అవే మడుగులను కొలిపించాలి. ఆ లెక్క చూడకుండా గనుల శాఖ కొత్త ఇసుక రేవుకు అనుమతి ఇవ్వరాదు. వేసవిలో ఎండని మడుగుల పేర్లు రాసి, వాటిని రేవు హద్దులనుండి తప్పించాలని పంచాయతీలు ఇప్పుడే తీర్మానం చేసి పంపవలసి ఉన్నది.