బాలింత కాళ్ళవాపు ఎవరికి "మామూలే"?

మా బళ్ళో అయిదో తరగతి పిల్ల నాలుగు రోజులు రాలేదు. ఇంటికెళ్ళి చూస్తే పిల్ల ఒళ్ళో పసిగుడ్డు. తల్లి మిరపకోతకి పోయింది, కాన్పయిన పదహారో రోజున! పొద్దుగూకాక వచ్చిందామె. చెప్పులు పట్టని పాదాలు. వేలితో నొక్కితే గుంట పడుతోంది. "బాలింతలకి మామూలే మాస్టారూ, నీళ్ళు తాగుంటది, ఒంటికి నీరు పట్టింది" అంది అత్త.

అందులో సగమే నిజం. కడుపుతో వున్నప్పుడు ఒంట్లో చేరిన నీరు, కాన్పప్పుడు ఎక్కించిన సెలైను కాళ్ళలోకి దిగుతాయి. వారం పది రోజుల్లో చెమటగా, మూత్రంగా పోతాయి. తాగే నీళ్ళతో వచ్చిన వాపు కాదది. దాహమేస్తున్న పాలతల్లికి నీళ్ళచెంబు దాచిపెట్టటం ఏం వైద్యం? నీటిని ఒంట్లో పట్టి వుంచేది ఉప్పు. మన పథ్యమేమో ఊరగాయ మెతుకులు! పప్పు, గుడ్డు, పెద్దమాంసం పెట్టండి. పడుకున్నప్పుడు కాళ్ళకింద చుట్టిన దుప్పటి పెట్టండి. ఇంట్లో కాసేపు నడవనివ్వండి. నడవటమంటే పొద్దుగూకే దాకా చేలో వంగి వుండటం కాదు.

భయపడాల్సిన వాపు వేరే వుంది. మొహం, చేతులు ఉబ్బి, తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకేసినా, పొట్ట పైభాగం నొప్పెట్టినా అది బీపీ కావచ్చు. ముదిరితే ఫిట్సు. దాన్నే గుర్రపువాతం అంటారు. మనవాళ్ళు గాలి సోకిందని తాయెత్తు కడతారు, ఈలోగా ప్రాణం పోతుంది. కాన్పయిన 3 నుంచి 6 రోజుల మధ్య బీపీ బాగా పెరుగుతుంది, ఆరు వారాల దాకా ముప్పు వుంటుంది. ముందు బీపీ లేనివాళ్ళకీ రావచ్చు. ఒక్క కాలే వాచి పిక్క నొప్పెడితే రక్తం గడ్డకట్టిందేమో, నూనె పెట్టి పిసక్కండి. ఆయాసం వచ్చినా సరే, వెంటనే 108కి ఫోను చెయ్యండి.

ఆమెకి నర్సమ్మ చేత చూపిస్తే బీపీ 150కి 100 వుంది. ఆసుపత్రి వాళ్ళిచ్చిన కాగితం తీయించాం. ఇంటికి పంపిన నాటి బీపీ రాయాల్సిన చోటు ఖాళీ.

పెద్దింటి కోడలు మూడు నెలలు పుట్టింటి గడప దాటదు. మన ఆడమనిషి మూడోవారానికే కోతలో వుంటుంది. ఆమెది తెలివితక్కువ అనకండి, కూలి రాకపోతే పొయ్యి వెలగదు. ఉద్యోగినులకి 2017 నుంచి 26 వారాల జీతంతో సెలవు చట్టంలో వుంది. మంచిదే. 1928లో బొంబాయి శాసన మండలిలో బాబాసాహెబ్ అంబేద్కర్ ప్రసూతి సాయం బిల్లుని బలపరుస్తూ, ఆ భారం చాలావరకు ప్రభుత్వమే మోయాలన్నారు. అది ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళ కోసం. ఇన్నేళ్ళయినా ఆ సెలవు మిరపచేను దాకా రాలేదు. కేంద్రం బాలింతలకిచ్చే డబ్బు రెండో కాన్పుకైతే ఆడపిల్ల పుడితేనే. ఈమెకి పుట్టింది మగపిల్లాడు, కాబట్టి అదీ లేదు.

కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి రావాలని నియమం. బిడ్డని తూకం వేస్తుంది. అదే రోజుల్లో నర్సమ్మ వచ్చి తల్లి బీపీ కూడా చూసి రాయాలని వచ్చే గ్రామసభలో అడుగుదాం. పల్లె నుంచి ఆడవాళ్ళే లేచి అడగాలి. మేం వెనక నిలబడతాం.

సోమవారం పిల్ల బడికొచ్చింది. తల్లి మందులు వాడుతోంది. కోత మేస్త్రీ అప్పుడే రెండుసార్లు కబురు పంపాడు.