పిల్లల ఇంటి సంగతి అడిగేటప్పుడు రాడాన్ గురించీ అడగండి

మన సంఘ కుటుంబాలలో చాలామందికి అమెరికాలో బిడ్డలున్నారు. కూతురి కాన్పుకో, మనవలను చూసుకోవడానికో వెళ్ళి ఆరు నెలలు ఉండి వచ్చే పెద్దలు ప్రయాణానికి ముందు ఆసుపత్రికి వచ్చి బి.పి., షుగరు చూపించుకుంటారు, సరిపడా మందులు రాయించుకుంటారు. మంచిదే. కానీ పిల్లలు కాపురముంటున్న ఇంటి గాలి ఎలాంటిదో అడిగేవారు తక్కువ. ఆ ఇళ్ళలో చాలావాటికి నేల అడుగున బేస్‌మెంట్ ఉంటుంది. వచ్చిన పెద్దలకు పడక ఒక్కోసారి అక్కడే. చదువుకోవడానికి వెళ్ళిన పిల్లలు అద్దె తక్కువని తీసుకునేది కూడా ఒక్కోసారి అలాంటి గదినే.

నేలలోని, రాళ్ళలోని యురేనియం మెల్లగా విచ్ఛిన్నమవుతూ రేడియంగా, ఆ రేడియం రాడాన్ వాయువుగా మారుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఆరుబయట గాలిలో కలిసి పలచబడిపోతుంది. పునాది పగుళ్ళలోంచి, పైపులు దిగిన సందుల్లోంచి ఇంట్లోకి వచ్చి నిలిచిపోతేనే చిక్కు. చలికాలంలో తలుపులు, కిటికీలు బిగించి ఉంటాయి. ఇంట్లోని వెచ్చని గాలి పైకి పోతూ కింద నేలలోని గాలిని లోపలికి లాగుతుంది. రాడాన్ నుండి పుట్టే రేణువులు ఊపిరితిత్తులలో అంటుకుని కణాలను దెబ్బతీస్తాయి. అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడం మొదటి కారణం, రాడాన్ రెండవది. అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 21,000 మంది దీనివల్ల చనిపోతున్నారు. వారిలో 2,900 మంది ఎన్నడూ సిగరెట్ తాగనివారు.

1984లో పెన్సిల్వేనియాలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు, అప్పుడే కడుతున్న అణు విద్యుత్ కేంద్రంలో పనిచేసేవాడు. అక్కడి రేడియేషన్ అలారం అతన్ని చూసి మోగింది. వెతికితే కారణం అతని ఇంట్లో దొరికింది. ప్రభుత్వం జాగ్రత్తపడమని చెప్పే హద్దు లీటరు గాలికి 4 పికోక్యూరీలైతే, ఆ ఇంట్లో సుమారు 2,700 ఉంది. కుటుంబం ఇల్లు ఖాళీ చేసింది, మరమ్మతు చేశాక తిరిగి వచ్చింది. అంత మోతాదు అరుదు. కానీ హద్దు దాటిన ఇళ్ళు అమెరికాలో ప్రతి 15లో ఒకటి ఉంటాయని అంచనా. పక్కింట్లో లేదు కాబట్టి మనింట్లోనూ ఉండదనుకోవడానికి వీలులేదు. ఇల్లు కొత్తదైనా అంతే.

రాడాన్ పీల్చినవారికి దగ్గు రాదు, తలనొప్పి రాదు. ఒంట్లో ఎంత చేరిందో చెప్పే రక్తపరీక్ష మన దగ్గరే కాదు, మామూలుగా ఏ ఆసుపత్రిలోనూ ఉండదు. పొగకు, కార్బన్ మోనాక్సైడ్‌కు పెట్టే అలారం దీన్ని పట్టదు. కాబట్టి పరీక్ష చేయాల్సింది మనిషికి కాదు, ఇంటికి. కొద్ది డాలర్లకే కిట్ దొరుకుతుంది. ఇంట్లో మనుషులు ఉపయోగించే అన్నిటికన్నా కింది అంతస్తులో, వంటగదికి, స్నానాలగదికి దూరంగా పెట్టి, కనీసం రెండు రోజులు తలుపులు, కిటికీలు మూసి ఉంచాలి. తరువాత ప్రయోగశాలకు పంపితే ఫలితం వస్తుంది. ఎక్కువని తేలితే నేల కిందికి పైపు దించి, ఫ్యానుతో ఆ గాలిని ఇంటి కప్పు మీదికి పంపేస్తారు. ఇల్లు మారనక్కరలేదు.

ఇంత సులువైన పరీక్షను ఇల్లు అమ్మేముందు తప్పనిసరి చేసే కేంద్ర చట్టం అమెరికాలో లేదు. ఉండాలని నా అభిప్రాయం. అంతవరకు అడగవలసింది ఇంటివారే. తూర్పు వాకిలి కావాలని పట్టుబట్టే మనవాళ్ళు ఈ ఒక్క కాగితం అడగలేరా?

ఆరు నెలలుండి వచ్చే పెద్దలకు ప్రమాదం కొద్దిదే. భయపడి ప్రయాణం మానుకోకండి. ఏళ్ళ తరబడి ఉండే బిడ్డలది, మనవలది అసలు చింత. ఇక్కడ, గాలి ధారాళంగా ఆడే మన ఇళ్ళలో, ఊపిరితిత్తుల కోసం ముందు మానవలసినవి బీడీ, చుట్ట, కట్టెల పొయ్యి పొగ. అక్కడ ఉన్న అబ్బాయి సిగరెట్ తాగుతుంటే అదీ ముందు మాన్పించండి. పొగ, రాడాన్ కలిస్తే ముప్పు ఎన్నో రెట్లవుతుంది.

పిల్లలు ఇల్లు కొనబోతుంటే బేరం కుదరకముందే పరీక్ష చేయించమని ఫోనులో చెప్పండి. మోతాదు ఎక్కువుంటే పైపు, ఫ్యాను ఖర్చు అమ్మేవారే పెట్టుకోవాలని అప్పుడైతే అడగవచ్చు.