గీటురాయి ఎవరి చేతిలో?

స్వర్ణకారుడు వన్నె చూసి బంగారాన్ని నమ్మడు. గీటురాయిపై గీసి చూస్తాడు. కృత్రిమ మేధస్సు విస్తరిస్తున్న నేడు ఆ అలవాటు ప్రతి వృత్తికీ అవసరమైంది.

2023లో న్యూయార్క్ ఫెడరల్ న్యాయస్థానంలో, ఒక విమానయాన సంస్థపై నడిచిన దావాలో, వాది తరఫు న్యాయవాదులు చాట్‌జీపీటీ అందించిన పూర్వతీర్పులను ఉదహరించారు. వాటిలో ఆరు ఎన్నడూ వెలువడనివే! అవి నిజమైనవేనా అని వారిలో ఒకరు అడిగింది కూడా ఆ యంత్రాన్నే. న్యాయమూర్తి 5,000 డాలర్ల జరిమానా విధించారు.

ఏ మాట తరువాత ఏ మాట రావచ్చునో లెక్కగట్టి కూర్చడమే ఈ యంత్రపు పద్ధతి. వాక్యం సొంపుగా ఉన్నంత మాత్రాన సత్యం కానక్కరలేదు. ఇంతకాలం చక్కని భాష పాండిత్యానికి సాక్ష్యంగా చెల్లింది, ఇక చెల్లదు. వైద్యునికైనా, న్యాయవాదికైనా, శాస్త్రజ్ఞునికైనా ఇకపై గౌరవం తెచ్చేది, మూలాన్ని స్వయంగా పరిశీలించి, రాసినదానికి పూచీ పడటమే.

ఇంటికీ ఇదే వర్తిస్తుంది. కంఠస్వరాన్ని సైతం నేడు అనుకరించవచ్చును. విదేశంలోని బిడ్డ గొంతుతో “అత్యవసరం, డబ్బు పంపమ్మా” అని ఫోను వస్తే, తల్లి దాన్ని పెట్టేసి, తనకు తెలిసిన నంబరుకు తానే తిరిగి చేయాలి. ఈ పరీక్షను ఏ బిడ్డా అవమానంగా భావించరాదు.

యంత్రాన్ని వాడుకోవచ్చును, గీటురాయిని మాత్రం దానికి అప్పగించరాదు.