సూత్రం కన్నా ముందు వరుస: ప్రాథమిక గణిత ఉపాధ్యాయుల ప్రణాళిక

సంయోగాలు, సంభావ్యత హైస్కూలు దాకా ఆగాల్సిన పాఠాలు కావు. మూడో తరగతి నుంచే మొదలుపెట్టవచ్చు. చేతికందే వస్తువులుండాలి, అంకెలు చిన్నవై ఉండాలి, సూత్రం ఊసు రాకూడదు. ఈ ప్రణాళికకు కట్టుబడే ఉపాధ్యాయులు ఒప్పుకునే మొదటి నియమం ఇదే.

పిల్లలకు ముందు నేర్పాల్సింది వరుస పెట్టడం. ఉగాది పచ్చడిలోని ఆరు రుచుల్లో రెండేసి జతలు రాయమంటే తోచినట్టు రాసుకుపోతారు. తీపి–పులుపు ఒకసారి, పులుపు–తీపి మరోసారి వస్తాయి. చేదు–వగరు ఎక్కడో జారిపోతుంది. ఆ తికమక పడనివ్వాలి, తొందరపడి దిద్దకూడదు. తర్వాత తీపితో వచ్చే జతలన్నీ రాయించి, తీపిని పక్కనబెట్టి పులుపు అందుకోవాలి. ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి: మొత్తం 15. ఇక మిగిలిందేమీ లేదని ఎలా తెలుసో పిల్లలే చెప్పగలగాలి. జవాబు కన్నా అదే ముఖ్యం. ఒక్క రుచి మొదలు ఆరూ కలిపేదాకా లెక్కిస్తే 63 రకాలు. సుశ్రుత సంహితలో ఉన్న లెక్కే ఇది; భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలోనూ కనిపిస్తుంది.

సంభావ్యతకు అష్టాచెమ్మా చాలు. నాలుగు గవ్వలకూ నాలుగు రంగుల చుక్కలు పెట్టాలి. చుక్కలు లేకపోతే ‘రెండు’ పడటం ఒకే తీరుగా కనిపిస్తుంది, చుక్కలుంటే ఆరు తీరులని తేలుతుంది. ఒకటి, మూడు నాలుగేసి తీరుల్లో పడతాయి. అన్నీ వెల్లకిలా పడే చెమ్మా, అన్నీ బోర్లా పడే అష్టా ఒక్కో తీరులోనే. మొత్తం 16. ఇక్కడ పొరబడేది పిల్లలొక్కరే కాదు. నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే ఒక్కసారైనా బొమ్మ పడే అవకాశం మూడింట రెండు వంతులని 18వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త డాలంబేర్ వాదించాడు. సరైన జవాబు నాలుగింట మూడు వంతులు. కాబట్టి తప్పు చెప్పిన పిల్లల్ని కసరడం ఈ ప్రణాళికకు విరుద్ధం.

అయితే గవ్వ నాణెం లాంటిది కాదు. దాని వంపు వల్ల రెండు వైపులూ సమానంగా పడతాయన్న హామీ లేదు. అందుకే ముందు ఊహ రాయించి, ఆపైన వందసార్లు వేయించి, పడిన ప్రతిసారీ గీత పెట్టించాలి. ఊహకూ గీతలకూ తేడా వస్తే ఉపాధ్యాయుడు సర్దిచెప్పకూడదు. ఎందుకొచ్చిందో తరగతంతా తేల్చుకోవాలి. ‘ఇందాకటి నుంచి అష్టా పడలేదు, ఈసారి పడి తీరుతుంది’ అనే మాట ఎలాగూ వినిపిస్తుంది. గీతల పట్టీలో అలాంటి చోట్లు వెతికించి, ఆ తర్వాతి పందెంలో ఏం పడిందో చూపించాలి.

మూడో తరగతిలో తప్పక జరిగేవి, జరగొచ్చేవి, జరగనివి వేరుచేస్తే చాలు. ‘16లో 6’ లాంటి మాట నాలుగులో, దాన్ని భిన్నంగా రాయడం ఐదులో. శాతాలు అక్కర్లేదు. పరీక్షలో జవాబుకు ఒక మార్కైతే వరుసగా రాసిన జాబితాకు రెండు.

గవ్వలు దొరకని బడిలో ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు వాడుకోవచ్చు. డబ్బు పందేలు మాత్రం పనికిరావు.