మావారి బీరూ, మనవాళ్ళ మెప్పూ

ఇంట్లో బీరు కాయడం తప్పా ఒప్పా అని నన్నడగకండి. అమెరికాలో 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టం వల్ల, ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా సొంతానికి కాచుకోవచ్చు. మావారు కాచేది అందులో నాలుగో వంతు కూడా ఉండదు. నా గొడవ వేరే. ఆ బీరు బాగుపడకపోవడానికి కారణం, తాగినవాళ్ళంతా బాగుందనడమే.

మన వంట సంగతి చూడండి. పులుసులో ఉప్పు చిటికెడు తగ్గితే మొదటి ముద్దకే చెప్పేస్తారు. చెప్పించుకుని చెప్పించుకునే మన చేతికి రుచి వచ్చింది. అదే మగవాళ్ళు గరిటె పడితే చప్పట్లు! శనివారం ఆరు గంటలు వంటిల్లు ఆక్రమించి ఐదు గ్యాలన్ల ఐపీఏ కాస్తే, స్నేహితులు "అదిరింది అన్నా" అంటారు, సగం గ్లాసు అక్కడే వదిలేసి వెళ్తారు. గ్లాసులు కడిగేది నేను కాబట్టి నాకు తెలుసు.

మెప్పు వచ్చినప్పుడల్లా ఈయన చేసేది ఒకటే, ఇంకో ఔన్సు హాప్స్ పెంచడం. కూర కుదరలేదని కారం దట్టించినట్టు. హాప్స్ మొదట్లోనే వేసి గంట మరిగిస్తే చేదు దిగుతుంది గానీ వాసన ఆవిరైపోతుంది. పొయ్యి కట్టేసే ముందు వేస్తే వాసన నిలుస్తుంది. చారులో కొత్తిమీర ఎప్పుడు వేయాలో తెలిసినవాళ్ళకి ఇది ఒకరు చెప్పాలా?

నేను తాగేది రెండు గుక్కలే, కానీ నాలుక నాలుకే కదా. నాకు తగిలింది చేదు కాదు, దాని వెనక జిగట తీపి. డబ్బాలో దొరికే మాల్ట్ పాకం కాకుండా గింజలే మరపట్టించి కాస్తున్నారు కాబట్టి ఆ తీపి మన చేతుల్లోనే ఉంది. 12 పౌండ్ల గింజల్లో ఒక పౌండు క్రిస్టల్ మాల్ట్ వేస్తున్నారు. అర పౌండు చాలు. నానబెట్టేది 156 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర. అంత వేడిలో ఈస్ట్ తినలేని చక్కెరలు ఎక్కువ మిగులుతాయి. 150 దగ్గర గంట ఉంచితే ఈస్ట్ చాలావరకు తినేస్తుంది, బీరు తేలిగ్గా, పొడిగా దిగుతుంది.

ఇక పులియబెట్టడం. జూలైలో గరాజ్‌లోనట! దోసెల పిండి ఎండాకాలం ఏమవుతుందో ఆయనకి తెలీదా? పైగా ఈస్ట్ పనిచేస్తూ తనే వేడి పుట్టిస్తుంది, బకెట్ లోపల గదికంటే వేడిగా ఉంటుంది. అందుకే ఆ గొంతులో మండే ఘాటు. ఆయన వాడే ఈస్ట్‌కి 65 డిగ్రీలు చాలు.

కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటే మందుల వాసన వస్తుంది. కాంప్‌డెన్ మాత్ర సగం పొడిచేసి కలిపితే ఒక కాపుకి సరిపోతుంది. రెండు వారాలకే వాసన చచ్చి రంగు నల్లబడుతోందంటే గాలి తగిలినట్టు. కోసిన యాపిల్ చూళ్ళేదూ? ఒక బకెట్లోంచి ఇంకోదాంట్లోకి పైనుంచి ఒంపడం మానేసి, అడుగుదాకా గొట్టం పెట్టి నెమ్మదిగా దించాలి.

అయితే ఇవన్నీ ఒకేసారి మార్చడానికి నేను ఒప్పుకోను. అప్పుడు ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది? కాపుకి ఒక్క మార్పు, పుస్తకంలో రాసుకోవాలి. రుచి చూసేవాళ్ళకి మూడు గ్లాసులివ్వాలి, రెండిట్లో పాతది, ఒకదాంట్లో కొత్తది. వేరేది ఏదో కనిపెట్టమనాలి. కనిపెట్టలేకపోతే ఆ మార్పు లెక్కలోకి రాదు. "అదిరింది"కి చోటే ఉండదు.

ఇదంతా చెప్పాక ఈయన రెండు రోజులు ముభావంగా ఉన్నారు. నా పులుసు గురించి 22 ఏళ్ళుగా వింటున్నాను, నేనెప్పుడైనా మూతి ముడిచానా అంటే నవ్వారు. మొన్నటి కాపులో క్రిస్టల్ మాత్రం తగ్గించారు. ఎనిమిది గ్లాసుల్లో ఆరు ఖాళీగా వచ్చాయి. తర్వాతి బకెట్‌కి బేస్‌మెంట్లో నా ఆవకాయ జాడీల పక్కన చోటు చూపించాను. జాడీలు మాత్రం కదపొద్దన్నాను.