ఆటే కదా అనకండి

వరలక్ష్మీవ్రతం నాడు తాంబూలానికొచ్చిన పక్కింటి పిన్నిగారు మా అబ్బాయి గదిలోకి తొంగి చూసి, "ఏవిటమ్మాయ్, తెరంతా నల్లగా ఉంది, చెడిపోయిందా?" అన్నారు. చెడిపోలేదు పిన్నిగారూ, అది అంతరిక్షం, నా ఓడని అక్కడ ఆపి మీకు బొట్టు పెట్టడానికొచ్చాను అని చెప్పాల్సింది. చెప్పలేదు. "అబ్బాయిదండీ, ఏదో చదువు తాలూకు" అనేశాను. పండగపూట ఆడిన ఆ అబద్ధం వారం రోజులు గుచ్చుతూనే ఉంది. కథలు రాస్తానని చెప్పుకోవడానికే నాకు పెళ్లయ్యాక ఆరేళ్లు పట్టింది. ముప్ఫై ఎనిమిదేళ్ల ఇల్లాలు వీడియో గేమ్స్ ఆడుతుందని ఏ నోటితో చెప్పను? అందుకే ఇక్కడ చెప్పేస్తున్నాను. ఆడతాను. ఆడటమే కాదు, వాటి మీద గట్టి అభిప్రాయాలు కూడా ఉన్నాయి.

ఈ పిచ్చి మా అన్నయ్య అంటించిందే. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో విడిభాగాలు కొనుక్కొచ్చి బిగించుకున్న కంప్యూటర్లో అన్నయ్య 'డయాబ్లో 2' ఆడుతుంటే నేను కుర్చీ వెనక నిలబడి చూసేదాన్ని. "చూడు, ముట్టుకోకు" అనేది షరతు. 2000లో వచ్చిన ఆ ఆటలో మొదట అయిదుగురు వీరులుంటే అందులో ఇద్దరు ఆడవాళ్లే. అన్నయ్య ఎప్పుడూ కండలు తిరిగిన మొగాణ్ణే ఎంచుకునేవాడు. 2021లో అదే ఆట కొత్త బొమ్మలతో మళ్లీ వస్తే కొనుక్కుని, మొట్టమొదట మంత్రగత్తెని ఎంచుకున్నాను. ఇరవయ్యేళ్ల కసి!

వీటిని యాక్షన్ రోల్ ప్లేయింగ్ ఆటలంటారు. గుహలోకి దిగాలి, రాక్షసుల్ని చంపాలి, వాళ్లు రాల్చిన కత్తులూ ఉంగరాలూ ఏరుకోవాలి, బలం పెంచుకుని ఇంకా లోతుకి దిగాలి. చచ్చిపోతే కాస్త బంగారం పోతుంది. ఊళ్లో లేచి, పడి ఉన్న మన శవం దగ్గరికి మనమే వెళ్లి నగలు తెచ్చుకోవాలి! ఆట ముగించి మర్నాడు మొదలెడితే ఊడ్చేసిన గుహ నిండా మళ్లీ రాక్షసులే. సింకులో గిన్నెల్లాగే. తేడా అల్లా, అక్కడ ఊడ్చినందుకు ఏదో ఒకటి రాలుతుంది. ఇన్నేళ్లలో ఏ గిన్నె కిందా నాకు ఒక్క ఉంగరం దొరకలేదు. ఒళ్లు హూనమైన రోజున ఆ ఆట ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను.

కానీ చెయ్యి ఆగదు. ఏ రాక్షసుడు ఏం రాలుస్తాడన్నది అదృష్టం మీద ఉంటుంది కాబట్టి, 'ఈసారి తప్పకుండా' అనుకుంటూ అర్ధరాత్రి దాటించేస్తాం. లాటరీ టిక్కెట్టు కొనేవాడిదీ ఇదే ఆశ. 2012లో వచ్చిన 'డయాబ్లో 3'లో ఆ కత్తుల్నీ కవచాల్నీ అసలు డబ్బుతో కొనుక్కునే వేలంశాల పెట్టారు. కష్టపడి సంపాదించుకోవడమే అసలు ఆటైతే, డబ్బిచ్చి కొనుక్కున్నాక ఇక ఆడటం దేనికి? తయారుచేసినవాళ్లే తప్పు తెలుసుకుని 2014లో మూసేశారు. ఫోను ఆటలు మాత్రం ఆ బుద్ధి మానలేదు. మావాడు ఒకదాంట్లో రంగుల పెట్టెల కోసం మాకు చెప్పకుండా ఎనిమిది వందలు తగలేశాడు. తిట్టాను. కానీ ఆ పెట్టె తెరుచుకునేటప్పుడు వాడి మొహంలో కనిపించిన ఆత్రం నాకూ తెలిసినదే కాబట్టి, గట్టిగా తిట్టలేకపోయాను.

రెండో రకం, అంతరిక్షంలో ఓడ నడుపుతూ పోరాడేవి. ఇవి మొదట్లో చిరాకు. నూట ఎనిమిది మీటలు, పైనా కిందా తెలియదు, తల తిరుగుతుంది. 1993 నాటి 'ఎక్స్-వింగ్' ఆడినప్పుడు గాని నాకు కిటుకు బోధపడలేదు. ఓడకున్న శక్తి అంతా కలిపి ఇంతే. ఆయుధాలకి ఎక్కువిస్తే వేగం తగ్గుతుంది, వేగం పెంచితే రక్షణ కవచం పల్చబడుతుంది. ఇది నాకు కొత్తా? ఒకటో తారీఖున వచ్చిన జీతాన్ని అద్దెకీ ఫీజుకీ మందులకీ సర్దే ఏ ఇల్లాలికైనా ఈ లెక్క పుట్టుకతోనే వస్తుంది.

1990లో వచ్చిన 'వింగ్ కమాండర్' అయితే కథలు రాసేదానిగా నన్ను కట్టిపడేసింది. అందులో మన పక్కన ఇంకో ఓడ నడిపే తోడు ఉంటారు. మన అజాగ్రత్త వల్ల ఆ మనిషి చనిపోతే అంత్యక్రియలు చూపిస్తారు. ఆ తర్వాత ఇక కనబడరు. ఓడిపోయినంత మాత్రాన ఆటా ఆగదు, ఓటమిలోంచే కథ ఇంకో దారి పడుతుంది. ముప్ఫై అయిదేళ్ల కిందటి ఆటకున్న ఈ ఇంగితం ఇవాళ్టి ఖరీదైన ఆటల్లో చాలావాటికి లేదని నా ఫిర్యాదు.

ఇప్పుడు నేను ఆడుతున్నది 2014 నాటి 'ఎలీట్ డేంజరస్'. 1984లో డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ కలిసి తయారుచేసిన 'ఎలీట్' దీనికి మూలం. మన పాలపుంత మొత్తాన్ని, నలభై వేల కోట్ల నక్షత్రాల్ని ఇందులో పెట్టారు. మనుషుల కథ మాత్రం పల్చన, ఆ లోటు నిజమే. ఎవరూ వెళ్లని నక్షత్రాన్ని చేరి, ఆ వివరాలు తిరిగొచ్చి అప్పగిస్తే, కనుగొన్నవారిగా మన పేరు దానికి ఉంటుంది. దారిలో ఓడ పేలిపోతే, ఖరీదులో అయిదు శాతం కడితే ఓడ తిరిగొస్తుంది. వివరాలు మాత్రం పోయినట్టే.

నేను మధ్యాహ్నాలు పోగేసుకుని నెల్లాళ్లు తిరిగాను. వెనక్కొస్తూ, బరువైన గ్రహం ఒకటి కనిపిస్తే ఆశపడి దిగబోయాను. కుక్కర్ కూసింది. వేగం తగ్గించకుండానే లేచి వెళ్లాను. వచ్చి చూస్తే ఓడ లేదు.

"పోన్లే అమ్మా, పాతది లోడ్ చేసుకో" అన్నాడు మావాడు.

"ఇందులో అలా కుదరదురా."

"అంటే, పోయిందా? మొత్తం?"

"మొత్తం."

వాడు ఏమీ అనలేదు. ఎప్పుడూ ఫోను పట్టుకుని మంచం మీద వాలిపోయేవాడు, కుర్చీ జరుపుకుని నా పక్కన కూర్చున్నాడు. "ఈసారి కుక్కర్ నేను చూస్తా" అన్నాడు కాసేపటికి. చూశాడు కూడా, రెండుసార్లు పప్పు మాడ్చినా. దీపావళి వెళ్లాక ఓ చిన్న ఎర్ర నక్షత్రానికి నా కలంపేరు పడింది.

మొన్న కరివేపాకు కోసమొచ్చిన పిన్నిగారు మళ్లీ తొంగి చూశారు. "ఇంకా బాగుచేయించలేదా?" ఈసారి కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఇది నా ఓడండీ, ఇదిగో నా నక్షత్రం అని చూపించాను. కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"ఇంత దూరం ఒక్కదానివే వెళ్తే, రాత్రికి ఎక్కడ దిగుతావమ్మాయ్?" అన్నారు.